మన రచ్చబండ యెవరి సొత్తు?

సహకారోద్యమమునకు మూలసూత్రమొక్కటియే. ఏ సాధనమువలన మన జీవనము సాగుచున్నదో దానిపై మనకే యధికారముండవలెను. 1844వ సంవత్సరమున ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది తలకొక పౌను చొప్పున వాటాధనము కూర్చి, పిండి, వెన్న, పంచదార అమ్ము చిన్న దుకాణమును తెరచిరి. వాటా యెంతయైనను సభ్యునకు ఓటొక్కటియే యని నిర్ణయించిరి. ఎరువు, విత్తనము, అప్పు విషయములలో మనమా న్యాయమునే యనుసరించుచున్నాము. మాటలాడుకొను తావు విషయమున మాత్రము దానిని మరచియున్నామని మా యభిప్రాయము.

నేడు రచ్చబండ సెల్‌ఫోనులోనికి వచ్చినది. మిరప ధర, తెగులు మందు, సంఘ సమావేశపు నోటీసు, సమస్తమును వాట్సాప్ గ్రూపులలోనే నడచుచున్నవి. అది సులువైన సాధనమనుటకు సందేహము లేదు. కాని దాని యజమానులము మనము కాము. 2014లో ఫేస్‌బుక్ కంపెనీ దానిని సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొన్నది. 2021 అక్టోబరు 4వ తేదీ రాత్రి ఆ కంపెనీ యంత్రాంగమున లోపము కలుగగా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడును ప్రపంచమంతట సుమారు ఆరు గంటలు మూగవోయినవి. సమాచారమంతయు నొకే బావి నీరైనచో, ఆ బావి యెండిననాడు ఊరంతయు దప్పిగొనును.

స్వదేశపు కంపెనీ యైనచో చాలునని కొందరందురు. బెంగుళూరున 2020లో పుట్టిన ‘కూ’ 2024 జులైలో మూతపడినది. విదేశీయమగు ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడినది. రెంటియందును మూసివేయుటకు సభ్యుల యోటు నెవరును అడుగలేదు. కావున స్వదేశమా, విదేశమా యనునది యసలు ప్రశ్న కాదు. అందున్నవాని మాట చెల్లునా, చెల్లదా యనునదే ప్రశ్న.

వేరు మార్గములు లేకపోలేదు. సిగ్నల్ అను యాప్ ధర్మసంస్థ యాజమాన్యమున, విరాళములపై నడచుచున్నది. అందు ప్రకటనలు లేవు. 2016లో వెలువడిన మాస్టొడాన్ మరియొక తీరుది. ఏ యూరి టపాకచ్చేరి ఆ యూరిదే యైనను ఉత్తరము లన్నియూళ్లకు చేరునట్లు, అందు ఏ సర్వరున కా సర్వరు వేరైనను మాటలు ఒకదానినుండి వేరొకదానికి పోవును. వానిలో సోషల్.కోప్ అనునది సభ్యులే చందాలిచ్చి, ఓట్లు వేసి నడుపుకొను సహకార సంఘము. సంఘపు లెక్కలకును, తెలుగు వ్రాతకును లిబ్రే ఆఫీసు ఉచితముగా లభించును.

‘మావారందరును వాట్సాప్‌లోనే యున్నారు, మేమొక్కరము వేరెక్కడికి పోదుము?’ అను ఆక్షేపణ న్యాయమైనదే. 2021 జనవరిలో కొత్త షరతులకు రోసి పలువురు సిగ్నల్‌ను ఎక్కించుకొనిరి గాని, చుట్టములందరును పాతచోటనే యుండుటచే పెక్కుమంది పాతదానిని విడువలేకపోయిరి. ఒక్కొక్కరుగా పోవుట కష్టము. సంఘముగా పోవుట సులువు. షావుకారు అప్పు విడిచి సంఘపు అప్పునకు వచ్చుటయు నట్లే జరిగినది.

ఇక వినోదము మాట. హరికథకు మంగళహారతి కలదు. తోలుబొమ్మలాటకు తెల్లవారుట కలదు. సినిమాకు మూడవ గంట కలదు. రీల్సులకు మాత్రము మంగళము లేదు. మనమెంతసేపు చూచిన కంపెనీకి ప్రకటనల రాబడి యంత హెచ్చును గనుక, ముగింపు లేకుండునట్లే వానిని కూర్చిరి. 2020 జూన్ 29న ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించగా, మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్సు మన దేశమునకు వచ్చినవి. యాప్ పోయినను అలవాటు పోలేదు. తెల్లవారుజామున మడవ కట్టవలసినవాడు నడిరేయి దాక ఫోను చూచుచుండిన నష్టమెవరిదో వేరుగ చెప్పనక్కరలేదు.

వాట్సాప్‌ను రేపే విడువుడని మేము చెప్పుట లేదు. సంఘ నిర్ణయములు మినిట్సు పుస్తకమున నెక్కవలెను. నోటీసు బోర్డుపై నుండవలెను. సభ్యుల ఫోను నంబర్లు కాగితముపై నుండవలెను. పాలకవర్గమువారు మరియొక మార్గమును ముందుగా నేర్చి, రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యుల యెదుట నుంచవలెను. ఇంటింట రాత్రి భోజనానంతరము ఫోనునకు విశ్రాంతి నీయవలెను. పొలమునకు గట్టు వేసికొనువాడు తన మాటకును, తన ప్రొద్దునకును గట్టు వేసికొనలేడా?