టేబుల్ కింద దూరడమూ చదువే

"లక్షలు అప్పు చేసి జపాన్ పంపిస్తే, మావాడు భూకంప శిక్షణలో టేబుల్ కింద దూరిన ఫొటో పంపాడు" అని నవ్వుకునే తల్లిదండ్రులు ఈ మధ్య ఎక్కువయ్యారు. నవ్వి ఊరుకుంటే పేచీ లేదు. ఆ నవ్వు వెనకాలే వాదనలు వస్తున్నాయి. అదంతా విహారయాత్ర సరదా అట. భూకంపమొస్తే ఏం చేయాలో ఫోన్లో రెండు నిమిషాల వీడియో చూస్తే సరిపోతుందట. అయినా జపాన్ వాళ్లకు క్రమశిక్షణ రక్తంలోనే ఉందట, మనకది అంటదట. వినడానికి ఇంపుగానే ఉన్నాయి గానీ ఒక్కటీ నిలబడదు.

వీడియో సంగతి ముందు చూద్దాం. టోక్యో అగ్నిమాపక శాఖ ఇకెబుకురో, హోంజో, తాచికావాలలో శిక్షణ కేంద్రాలు నడుపుతోంది. విదేశీ విద్యార్థులూ అక్కడికి వెళ్లి నేర్చుకుంటారు. తెర మీద మంట లేస్తుంది, చేతిలో నీళ్లు నింపిన మంటలార్పే సిలిండర్ ఉంటుంది. పిన్ను లాగు, గొట్టం మంట మొదలుకు గురిపెట్టు, పిడి నొక్కు. ఇంతే కదా అనిపిస్తుంది. కానీ కంగారులో మనిషి పిడిని బిగించి పట్టుకునే పిన్ను లాగుతాడు. పిడి నొక్కి ఉంటే పిన్ను ఇరుక్కుపోతుంది, ఎంత లాగినా రాదు. పట్టు వదిలి లాగాలన్నది వేళ్లకు తెలియాల్సిన విషయం. మామూలు పొడి సిలిండర్ పనిచేసేది పదిహేను సెకన్ల పాటే. పిన్ను సరిగా తీసినా, ఆ కాసిని సెకన్లనూ ఎగిసే మంట కొసల మీద చల్లేసి ఖర్చుపెట్టేవాళ్లే ఎక్కువ. పైగా మంట చూడగానే నోరు పెగలదు. అందుకే ముందుగా "కాజి దా!" (నిప్పంటుకుంది!) అని గొంతు చించుకుని అరిపిస్తారు. అక్కడి అత్యవసర నంబరు 119కి ఫోన్ చేస్తే అవతలివాళ్లు మొదట అడిగేది కాజినా, క్యూక్యూనా అనే. అంటే అగ్ని ప్రమాదమా, అంబులెన్సా అని. జపనీస్ నాలుగు ముక్కలు కూడా రాని కుర్రాడికి ఈ రెండు మాటలు నోటికి రావడం సరదా ఎలా అవుతుంది?

టేబుల్ కింద దూరడం గురించీ చెప్పాలి, వెటకారమంతా దాని మీదే కదా. షిందో అనే జపాన్ తీవ్రత కొలమానంలో ఆఖరి మెట్టు 7. ఆ స్థాయి కుదుపుల్లో నిలబడటం అసాధ్యం. కింద దూరితే చాలదు, టేబుల్ కాళ్లు పట్టుకోవాలి, ఎందుకంటే నెత్తిన ఉన్న ఆ టేబులే జారిపోతుంది. ఆ కేంద్రాల్లోని కదిలే వేదిక మీద ఒక్కసారి ఊగినవాడికి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక రక్తంలో క్రమశిక్షణ. 2011 మార్చి 11న సునామీ వచ్చిన రోజు ఇషినోమాకిలోని ఓకావా ప్రాథమిక పాఠశాల పిల్లలు భూకంపం తర్వాత దాదాపు 50 నిమిషాలు ఆటస్థలంలో వరుసగా ఎదురుచూశారు. వెనకే కొండ ఉంది. 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు పోయారు. క్రమశిక్షణకు లోటేమీ లేదు. సునామీ వస్తే ఎక్కడికి వెళ్లాలో పాఠశాల ప్రణాళికలో కచ్చితమైన చోటే రాయలేదు, అదీ లోటు. ముందస్తు సన్నద్ధత లేకపోవడమే తప్పని తేల్చిన హైకోర్టు తీర్పును 2019లో ఆ దేశ సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అదే రోజు, అదే తీరంలో కమాయిషి అనే ఊళ్లో సుమారు వెయ్యి మంది చనిపోతే, బడుల్లో ఉన్న పిల్లలు దాదాపు 3,000 మంది బతికారు. గున్మా విశ్వవిద్యాలయ ఆచార్యుడు కతాదా తోషితాకా అక్కడి పిల్లలకు కొన్నేళ్లుగా తర్ఫీదు ఇస్తూ వచ్చాడు. మాధ్యమిక పాఠశాల పిల్లలు పరుగందుకుంటే పక్కనున్న ప్రాథమిక పాఠశాల పిల్లలు వెంట నడిచారు. ముందుగా నిర్ణయించిన చోటు చేరాక, అదీ చాలదనిపించి ఇంకా పైకి ఎక్కారు. రెండు ఊళ్లలోనూ ఉన్నది జపాన్ రక్తమే మరి!

నేర్పేది కూడా రాతి మీద గీత కాదు. 1923 సెప్టెంబర్ 1న కాంటో భూకంపం సరిగ్గా మధ్యాహ్న భోజనం వేళకు వచ్చింది. లక్షకు పైగా పోతే అందులో ఎక్కువమంది మంటలకే బలయ్యారు. దాంతో "కుదుపు రాగానే పొయ్యి ఆర్పు" అన్నది పాఠమైంది. ఆ తర్వాత పెద్ద కుదుపుకు తమంతట తామే గ్యాస్ ఆపేసే మీటర్లు వచ్చాయి. ఇప్పుడు ముందు నీ తల కాపాడుకో, కుదుపు ఆగాక పొయ్యి చూడు అంటున్నారు. పాత వీడియో పట్టుకున్నవాడు ఇప్పటికీ మరిగే నూనె మూకుడు వైపు పరుగెత్తుతాడు.

ఒక్క విమర్శలో మాత్రం నిజముంది. శిక్షణలో "ఇప్పుడు ఊగుతుంది" అని చెప్పి ఊపుతారు. 1995లో కోబె భూకంపం మాత్రం చెప్పాపెట్టకుండా తెల్లవారుజామున 5:46కి, జనం పక్కల మీద ఉండగా వచ్చింది. ఒక పూట శిక్షణతో ఎవరూ నిపుణులైపోరు. అందుకు మందు ఇంకోసారి వెళ్లడమే గానీ, అసలు మానేయడం కాదు.

"ఇక్కడికొస్తే అది పనికిరాదు" అనేవాళ్లు 2024 డిసెంబర్ 4 పొద్దున్నే ములుగు దగ్గర 5.3 మాగ్నిట్యూడ్‌తో భూమి కదిలిన సంగతి అప్పుడే మరిచారా? భూకంపం మాట వదిలేయండి, పొగకు దేశం తేడా లేదు. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక పోయారు. ఆ టోక్యో కేంద్రాల్లోనే పొగ నింపిన చీకటి గదులు ఉంటాయి. ముక్కుకు గుడ్డ అడ్డుపెట్టుకుని, నడుం వంచి, గోడ తడుముకుంటూ బయటపడాలి. పొగ పైకి లేస్తుంది కాబట్టి నేలకు దగ్గరగానే కాస్త గాలి మిగులుతుంది. నిటారుగా నడిచినవాడికి అది దొరకదు.

మిగిలింది అప్పు మాట. ఇకెబుకురో కేంద్రంలో ప్రవేశం ఉచితం. మీవాడి చదువుకు చేసిన అప్పులో దీనికి ఒక్క యెన్ కూడా పోలేదు.