మురుగు ఆపితే సరిపోదు

సౌదీ అరేబియాలోని జిద్దా పాతనగరం బలద్‌ను ఆనుకుని అల్ అర్బయీన్ లగూన్ ఉంది. శుక్రవారాల్లో సామాన్లు కొనడానికో, ఊరివాళ్లను కలవడానికో బలద్‌కు వెళ్లే, జిద్దాలో పనిచేసే మన తెలుగు కార్మికుల్లో చాలామంది ఆ నీళ్ల పక్కగానే నడిచి ఉంటారు. నగరపు మురుగు దశాబ్దాలపాటు అందులోకి దిగింది. ఎర్రసముద్రం మధ్యభాగంలో ఆటుపోట్లు మరీ స్వల్పం. పైగా లగూన్ నుంచి సముద్రానికి ఉన్న దారి ఇరుకు. చేరిన మురుగు చాలావరకు అక్కడే పేరుకుపోయింది.

2014లో బలద్ యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు పాతనగరానికి పూర్వవైభవం తెచ్చే పనులు సాగుతున్నాయి. ఆ పనుల్లో మురుగు కాలువల సంగతి ఎంత ముఖ్యమో, లగూన్ అడుగు బురద అంతే ముఖ్యమని నా నమ్మకం.

మలమూత్రాల వెంట వచ్చే నత్రజనిలో కొంత వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. మలమూత్రాలు, సబ్బుపొడుల వెంట వచ్చే భాస్వరానికి ఆ దారి లేదు. నాచు దాన్ని పీల్చుకుని పెరుగుతుంది, చచ్చి అడుక్కి చేరుతుంది, అక్కడ బురదలో కలుస్తుంది. అడుగు నీటిలో ఆక్సిజన్ ఉన్నంతకాలం బురదలోని ఇనుము భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ అయిపోతే ఆ పట్టు సడలుతుంది. ఉప్పునీటిలో పరిస్థితి ఇంకా కష్టం. సముద్రపు నీటిలో దండిగా ఉండే సల్ఫేట్‌ను బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు కంపు దానిదే. ఆ సల్ఫైడ్ ఇనుమును తనవైపు లాక్కుంటుంది. భాస్వరం మళ్లీ నీటిలోకి వచ్చి కొత్త నాచుకు మేత అవుతుంది. కాబట్టి ఆ కంపును అత్తరు చల్లి కప్పిపుచ్చే విషయంగా కాక, అడుగున జరుగుతున్నదానికి గుర్తుగా చూడాలి.

స్వీడన్‌లో ట్రుమ్మెన్ అనే సరస్సుకు 1950ల చివర్లో మురుగు ఆపేశారు. పదేళ్లు గడిచినా అది కోలుకోలేదు. 1970, 71లలో ఏటా అర మీటరు చొప్పున బురద తోడేశాకే నాచు తగ్గింది.

మన హుస్సేన్ సాగర్ కథా ఇలాంటిదే. 16వ శతాబ్దపు చెరువులోకి కూకట్‌పల్లి నాలా మురుగును, పరిశ్రమల వ్యర్థాలను మోసుకొచ్చింది. జపాన్ రుణంతో 2006లో మొదలైన ప్రాజెక్టు కింద నాలాలు కలిసే చోట పూడిక తీశారు. మంచి పనే. కానీ మురుగు రాక పూర్తిగా ఆగకుండా పూడిక తీస్తే, తీసిన చోటే మళ్లీ పేరుకుంటుంది. భాస్వరాన్ని బంధించడానికి పోసే పటికదీ అదే పరిస్థితి. మన పల్లెల్లో బురదనీళ్లు తేరడానికి బిందెలో తిప్పే పటికే మంచినీటి చెరువుల్లో భాస్వరాన్ని గట్టిగా బంధిస్తుంది, ఆక్సిజన్ పోయినా వదలదు. అయితే మురుగు వస్తూనే ఉంటే దానిపైన కొత్త బురద కప్పేస్తుంది, పోసిన పటిక వృథా.

జిద్దాలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. తోడిన బురదను సముద్రంలో పారబోస్తే, లేదా తోడేటప్పుడు లేచే మడ్డిని ఆపకపోతే, బయట పగడపు దిబ్బలు దెబ్బతింటాయి. ఆ బురదను ఒడ్డున వేరుగా ఆరబెట్టి, పరీక్షించి, ఆ తర్వాతే ఎక్కడికి పంపాలో తేల్చాలి.

జిద్దా అధికారులకూ హైదరాబాద్ అధికారులకూ నా విన్నపం ఒకటే. ఫౌంటెన్లకు, నడకదారులకు టెండర్లు పిలిచే ముందు, అడుగు బురదలో ఏ లోతున ఎంత భాస్వరం ఉందో కొలిపించి, ఆ లెక్క ప్రజల ముందు పెట్టండి.