రశీదు మన పేరు మీద, జవాబు మరొకరికి

స్త్రీల హక్కుల పత్రికలో కారు కొనుగోలు గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. వరకట్నం, గృహహింస, కూలిరేట్లు, భూమి హక్కు - ఇన్ని సమస్యలు మన ముందుండగా, బ్యాంకు అప్పుతో కారు కొనుక్కోగలిగిన మధ్యతరగతి స్త్రీకి షోరూంలో న్యాయం జరగలేదంటే అదీ ఒక సమస్యేనా అని అడగవచ్చు. మన సంఘాల సమావేశాల్లోనే ఈ ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను. దానికి జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

నా వాదన సూటిగా చెప్తాను. డబ్బు కట్టింది స్త్రీ అయినా, రశీదు మీద ఆమె పేరే ఉన్నా, బజారు ఆమెను కొనుగోలుదారుగా గుర్తించడం లేదు. అమ్మేటప్పుడు ఆమెకు కుర్చీ వేస్తారు, కూల్‌డ్రింకు ఇస్తారు, ప్రకటనల నిండా ఆమె బొమ్మే వేస్తారు. వస్తువు పాడైన రోజున మాత్రం "ఇంట్లో మగవాళ్లని పంపించండి మేడం" అంటారు. కొనేటప్పుడున్న హక్కు అడిగేటప్పుడు లేకుండా పోతోంది. ఇది కారుతో మొదలైంది కాదు. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆడపిల్లలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ చట్టం చేసింది. 2005లో ఆ హక్కు దేశమంతటికీ వచ్చింది. అయినా పుట్టింటి ఆస్తిలో వాటా వదులుకుంటున్నానని సంతకం పెట్టి వచ్చే ఆడపడుచులు ఇప్పటికీ ఎంతమంది! కాగితం మీద పేరు ఉండటం వేరు, ఆ పేరుకు విలువ ఉండటం వేరు. షోరూంలో జరిగేదీ ఇదే.

వినియోగదారుల ఉద్యమం మనది కాదనుకోవడం కూడా చరిత్ర తెలియకనే. మన దేశంలో తొలి వినియోగదారుల సంఘాల్లో ఒకటైన కన్స్యూమర్ గైడెన్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను 1966లో బొంబాయిలో స్థాపించింది స్త్రీలే. 1970ల మొదట్లో అదే నగరంలో మృణాల్ గోరే, అహల్యా రంగ్నేకర్ వంటి నాయకురాళ్లతో కలిసి వేలాది గృహిణులు చపాతీ కర్రలు పట్టుకుని, పళ్లాలు మోగిస్తూ ధరల పెరుగుదల మీద వీధుల్లోకి వచ్చారు. నూనె, కిరోసిన్, రేషను బియ్యం గురించి అడిగినప్పుడు అది ఉద్యమం అయింది. మరి ఈ రోజు స్త్రీ కొంటున్న వస్తువుల జాబితా పెరిగింది. ఫ్రిజ్, కుట్టుమిషను, సెల్‌ఫోను, ఆటో, కారు - అన్నిటికీ ఆమె పేరు మీద అప్పు ఉంది, నెలనెలా వాయిదాలు ఉన్నాయి. అడిగే హక్కు మాత్రం నూనె డబ్బా దగ్గరే ఆగిపోవాలా?

నా అనుభవం చెప్తాను. మండలాల్లో మీటింగులకూ, అర్ధరాత్రి ఏ ఆసుపత్రికో పోలీసు స్టేషనుకో వెళ్లవలసి వచ్చినప్పుడూ ఎవరినీ బతిమాలుకోనక్కర లేకుండా ఉండాలని అప్పు చేసి ఒక చిన్న కారు కొన్నాను. అప్పు నాది, సంతకం నాది, లైసెన్సు నాది. దరఖాస్తులో నా ఫోను నెంబరే రాశాను. తోడుగా వచ్చిన మా తమ్ముడి నెంబరును షోరూం వాళ్లు అడిగి తీసుకున్నారు. ఆ తరువాత సర్వీసింగ్ గడువు గురించీ, బిల్లుల గురించీ కబుర్లన్నీ తమ్ముడికే వెళ్లాయి. నెంబరు మార్చమని రెండుసార్లు చెప్పినా మార్చలేదు. ఇన్సూరెన్సు తమ దగ్గరే తీసుకోవాలన్నారు, లేకపోతే బండి ఇవ్వడం ఆలస్యమవుతుందన్నారు. నిజానికి ఏ కంపెనీ ఇన్సూరెన్సు తీసుకోవాలన్నది కొనేవాళ్ల ఇష్టం. 'హ్యాండ్లింగ్ చార్జీలు' అని మరో పద్దు వేశారు. దేనికని అడిగితే "అందరికీ వేస్తాం మేడం" అన్నదే జవాబు.

ఇవన్నీ చిన్న విషయాలనుకుందాం. అసలు సంగతి వేరు. మూడు వారాలకే, రోడ్డు మీద కాస్త వేగంలో ఉండి బ్రేకు వేస్తే స్టీరింగు వణకడం మొదలైంది. ఒకసారి ఎదురుగా గేదె అడ్డం వచ్చినప్పుడు బండి పక్కకు లాగేసింది. సర్వీసింగ్ సెంటరుకు వెళ్లాను. "కొత్త బండి కదా మేడం, అలవాటు పడాలి" అన్నారు. రెండోసారి వెళ్తే టైర్లలో గాలి చూసి, చక్రాల అలైన్‌మెంటు చేసి డబ్బు తీసుకున్నారు. మూడోసారి వెళ్తే నా డ్రైవింగు బాగోలేదని చెప్పకుండానే చెప్పి, "ఇంట్లో సారు ఒకసారి నడిపి చూస్తే తెలుస్తుంది" అన్నారు. నాలుగోసారి నాకు జ్వరంగా ఉండి తమ్ముడు తీసుకెళ్లాడు. నేను చెప్పిన మాటలే వాడూ చెప్పాడు. మెకానిక్ వాడితో కలిసి రోడ్డు మీదికి వెళ్లి, తిరిగి వచ్చి, ముందు చక్రాల బ్రేకు డిస్కులు వంకర పోయాయని రాసిచ్చాడు.

ఇక్కడే గమనించవలసిన విషయం ఉంది. బండిని సర్వీసింగుకు ఇచ్చినప్పుడు జాబ్ కార్డు అని ఒక కాగితం రాస్తారు. మనం ఏం ఫిర్యాదు చేశామో అందులో ఉండాలి. నా మొదటి మూడు జాబ్ కార్డుల్లో బ్రేకు మాటే లేదు, 'జనరల్ చెకప్' అని మాత్రం ఉంది. నాలుగో దానిలో ఉంది. దాంతో వాళ్లు, "డిస్కులు వాడకంలో అరిగే భాగాలు, లోపం మొదట్లో లేదు, ఐదు నెలలు వాడాక వచ్చింది, వారంటీ వర్తించదు" అన్నారు. ఐదు నెలలుగా నేను చెప్పిన మాట రికార్డులో లేదు, మా తమ్ముడు ఒక్కరోజు చెప్పిన మాట ఉంది! స్త్రీ మాటను పట్టించుకోకపోవడం మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే అని ఇంకా ఎవరైనా అంటారా? అది సాక్ష్యాన్ని లేకుండా చేయడం. పోలీసు స్టేషనులో మన ఫిర్యాదును 'భార్యాభర్తల తగాదా' అని రాసుకోవడానికీ, దీనికీ పద్ధతిలో తేడా ఏముంది? పైగా ఇది బ్రేకు, ప్రాణానికి సంబంధించిన సంగతి.

షోరూం యజమాన్యానికీ, కారు కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసులు పంపాను. షోరూం వాళ్లు కంపెనీని అడగమన్నారు, కంపెనీ వాళ్లు షోరూంను అడగమన్నారు. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. అది ఇంకా నడుస్తోంది.

నాకు జీతం ఉంది, కాగితాలు దాచుకునే అలవాటు ఉంది. మా సంఘంలో ఒక సభ్యురాలికి ఈ రెండూ లేవు. భర్త పోయాక డ్రైవింగు నేర్చుకుని, ఫైనాన్సులో ఆటో తీసుకుంది. బండి మాటిమాటికీ ఆగిపోతుంటే షెడ్డులో పెట్టింది. పార్టు కంపెనీ నుంచి రావాలంటూ నలభై రోజులు ఉంచారు. ఆ నలభై రోజులూ ఆమెకు రాబడి లేదు. ఫైనాన్సు మనిషి మాత్రం తారీఖు తప్పకుండా వచ్చి, "ఏమ్మా, వాయిదా సంగతేంటి?" అని గుమ్మంలో నిలబడ్డాడు. ఇప్పుడు చెప్పండి, ఇది మధ్యతరగతి సమస్యేనా? కారు చెడిపోతే నాకు బస్సు ఉంది. ఆటో చెడిపోతే ఆమెకు పొయ్యి వెలగదు.

ఆమె ఫిర్యాదు చేస్తామంటే షోరూం తరఫు వకీలు, "ఆటో వ్యాపారం కోసం కొన్నది, కనుక ఆమె వినియోగదారు కాదు" అన్నాడు. ఈ మాట విని వెనక్కి వెళ్లిపోయే వాళ్లు చాలామంది. చట్టం అలా అనడం లేదు. వాణిజ్యం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారన్నది నిజమే కాని, స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొనుక్కుని తామే వాడుకునేవాళ్లకు మినహాయింపు ఉంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, తానే నడుపుకోవడానికి ఆటో కొన్న మనిషిని ఉదాహరణగా చూపి మరీ ఈ సంగతి వివరించింది. ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన హక్కు పోదని కూడా చెప్పింది. అయితే వేరే డ్రైవరును పెట్టి నడిపిస్తే గీత ఎక్కడ గీయాలన్నది వాదనకు వస్తుంది. తన పేరు మీద బండి ఉండి డ్రైవింగు రాని స్త్రీకి ఇక్కడ ఇబ్బంది ఎదురు కావచ్చు. అందుకే ఆడవాళ్లకు వాహనాలు ఇప్పించే పథకాలు డ్రైవింగు కూడా నేర్పితీరాలని మనం అడగాలి.

చట్టం గురించి మన కార్యకర్తలకు తెలిసి ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. 1986 డిసెంబరు 24న వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, జిల్లా ఫోరంలో ఒక సభ్యురాలు తప్పనిసరిగా ఉండాలని చెప్పింది. దాని స్థానంలో 2019 చట్టం వచ్చి 2020 జులై 20 నుంచి అమలవుతోంది. కొనుగోలుదారు తాను ఉంటున్న చోట లేదా పనిచేసే చోటే ఫిర్యాదు వేయడానికి ఇది వీలు కల్పించింది. కంపెనీ ఏ నగరంలో ఉన్నా మనం అక్కడికి పోనక్కర లేదు. లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారునూ, అమ్మినవాణ్ణీ, సర్వీసు చేసినవాణ్ణీ బాధ్యులను చేసే అధ్యాయం కొత్తగా చేరింది. బిల్లు ఇవ్వకపోవడం అన్యాయపు వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. చెల్లించిన ధర 50 లక్షలు దాటనంతవరకు జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. 5 లక్షల వరకు ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు. వకీలు లేకుండా తామే వాదించుకోవచ్చు. కారణం ఏర్పడిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ముందుగా సలహాకు 1915 నెంబరుకు ఫోను చేయవచ్చు.

ఇంత చక్కని చట్టం ఉండి కూడా న్యాయం ఎందుకు అందడం లేదు? ప్రయోగశాల పరీక్ష అవసరం లేని ఫిర్యాదును మూడు నెలల్లో, అవసరమైన దాన్ని ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టమే చెప్తోంది. వాయిదాల మీద వాయిదాలు పడటం మాత్రం మామూలైపోయింది. కమిషన్లలో అధ్యక్షుల, సభ్యుల ఖాళీలు నింపని ప్రభుత్వాల తీరును 2021లో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకోవలసి వచ్చింది. కంపెనీకి ప్రతి వాయిదాకూ పంపడానికి జీతగాడు ఉంటాడు. స్త్రీ మాత్రం ప్రతి వాయిదాకూ కూలి పోగొట్టుకోవాలి, పిల్లల్ని ఎవరికో అప్పగించాలి. ఆలస్యం ఇద్దరికీ ఒకటే కాదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. షోరూం కౌంటరు దగ్గర రోజంతా నిలబడి నవ్వుతూ పలకరించే అమ్మాయి మీద నాకు కోపం లేదు. నెలకు ఇన్ని బండ్లు, ఇన్ని ఇన్సూరెన్సులు అమ్మి తీరాలని ఆమె నెత్తిన కూర్చునేది యాజమాన్యం. ఫిర్యాదు తక్కువ రాస్తేనే మెప్పు దొరికే చోట మెకానిక్ కూడా నిజం రాయడు. మన పోరాటం ఆ పద్ధతి మీద.

మరి మనం ఏం చేయాలి? సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కలతో పాటు బిల్లు, వారంటీ కార్డు, జాబ్ కార్డు చదవడం నేర్పుకుందాం. సర్వీసింగుకు ఇచ్చేటప్పుడు మన ఫిర్యాదును మన మాటల్లో రాయించి, చదివాకే సంతకం పెట్టి, నకలు అడుగుదాం. రాయనంటే ఆ రోజే ఉత్తరం రాసి పోస్టు రశీదు దాచుకుందాం. మన సలహా కేంద్రాల్లో కుటుంబ తగాదాలతో పాటు ఈ కేసులూ తీసుకుందాం. జాబ్ కార్డు తెలుగులో ఉండాలనీ, బండి ఎవరి పేరు మీద ఉంటే కబురు వాళ్లకే వెళ్లాలనీ డీలర్లను నిలదీద్దాం. కమిషన్లలో ఖాళీలు నింపమనీ, స్త్రీ సభ్యుల నియామకం పేరుకు కాకుండా జరగాలనీ ప్రభుత్వాలను అడుగుదాం.

అప్పు తీర్చమని అడగడానికి స్త్రీ పేరు చక్కగా గుర్తుంటుంది. జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు కూడా ఆ పేరే గుర్తుండాలి. దీన్ని చిన్న విషయమని మనమే పక్కన పెడితే, వాళ్లకు అంతకంటే కావలసిందేముంది?