వేళ్లకు మార్కులు వేసేదెవరు?

ప్రోగ్రెసివ్ రాక్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే పాట గురించి తక్కువ, వాయించిన చేతుల గురించి ఎక్కువ మాట్లాడుకుంటారు. డ్రమ్స్ మీద నీల్ పియర్ట్ గొప్పా, బిల్ బ్రూఫోర్డ్ గొప్పా? కీబోర్డు దగ్గర కీత్ ఎమర్సన్‌ని మించినవాడున్నాడా? రిక్ వేక్‌మన్ ఆయనకు ఏం తీసిపోయాడు? ఒకరు పదికి తొమ్మిదిన్నర వేస్తే, ఇంకొకరు ఎనిమిది దగ్గరే ఆపేస్తారు. మన సంగీత సభల్లోనూ ఇలాంటి రసికులు ఉంటారు. తొడ మీద తాళం వేస్తూ, మృదంగం ఎక్కడ జారుతుందా అని చెవులు రిక్కించి కూర్చుంటారు. దేశం వేరు, వాద్యం వేరు. జబ్బు మాత్రం ఒకటే!

ఈ సంగీతం పుట్టిందే పరీక్ష రాయడానికా అన్నట్టు ఉంటుంది. 1969లో ఇంగ్లండ్‌లో కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్ వచ్చింది. రాక్ అంటే మూడు నిమిషాల పాట, నాలుగు దెబ్బల తాళం అనుకునే రోజులవి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచి నిర్మాణాన్ని, జాజ్ నుంచి మనోధర్మాన్ని తెచ్చుకుని కుర్రాళ్లు కొందరు ఆ లెక్క మార్చేశారు. 1972లో ‘యెస్’ బృందం ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పాటకు పద్దెనిమిది నిమిషాలకు పైగా తీసుకుంది. అదే ఏడాది జెనిసిస్ ‘సపర్స్ రెడీ’ని దాదాపు ఇరవై మూడు నిమిషాలు నడిపింది. ఎల్పీ రికార్డులో ఒక పక్క మొత్తం ఒక్క పాటకే సరిపోయేది.

తాళాలు కూడా అంతే. పింక్ ఫ్లాయిడ్ 1973లో చేసిన ‘మనీ’ పాట వింటూ చప్పట్లు కొట్టబోతే చెయ్యి ఎక్కడో తప్పుతుంది. కారణం, అది ఏడు లెక్కలో నడుస్తుంది. మిశ్రచాపు తెలిసినవారికి ఆ ఏడు కొత్త కాదు. తకిట తకధిమి అనుకుంటూ పెరిగిన చెవికి ఏడు సహజం. నాలుగుకు అలవాటుపడిన లండన్ కుర్రాడికి మాత్రం అదో మెట్టు తగ్గిన మెట్లదారి. విచిత్రం ఏమిటంటే, అదే పాటలో శాక్సోఫోన్ ఏడులోనే పలుకుతుంది. గిటార్ వంతు వచ్చేసరికి తాళం నాలుగుకు మారిపోతుంది. డేవిడ్ గిల్మోర్ గిటార్‌కి హాయిగా ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది. లెక్క తెలిసినవాళ్లే, అవసరమైనచోట లెక్కను పక్కన పెట్టారు. అభిమాని మార్కుల పుస్తకంలో ఈ తెలివికి గడి ఉండదు.

ఇక శ్రుతి మించిన ప్రతిభ ఎక్కడికి పోతుందో చెప్పే కథ ఒకటుంది. దానికి మూలం మన దేశంలోనే ఉంది. పరమహంస యోగానంద రాసిన ‘ఒక యోగి ఆత్మకథ’ మన ఇళ్లలో చాలామంది చదివిన పుస్తకమే. అందులో శాస్త్రాల గురించి ఉన్న ఒక పాదసూచిక ‘యెస్’ గాయకుడు జాన్ ఆండర్సన్‌ను పట్టేసింది. ఫలితంగా 1973లో రెండు ఎల్పీల ఆల్బమ్ వచ్చింది. నాలుగే పాటలు, ఒక్కొక్కటి సుమారు ఇరవై నిమిషాలు! కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్‌కి అది మింగుడు పడలేదు. మాంచెస్టర్ కచేరీలో తనకు పనిలేని చోట వేదిక మీదే కీబోర్డుల దగ్గర కూర్చుని కర్రీ తిన్నాడు. ఆ తర్వాత 1974లో బృందం నుంచి బయటికొచ్చేశాడు. వాయించేవాడికే ఆకలి గుర్తొచ్చిందంటే వినేవాడి సంగతి చెప్పాలా?

ఇలాంటివి చూసే 1976, 77ల్లో పంక్ కుర్రాళ్లు విరుచుకుపడ్డారు. మూడు స్వరమేళాలు వస్తే చాలు, బృందం పెట్టేయొచ్చన్నారు. సెక్స్ పిస్టల్స్ గాయకుడు జాన్ లైడన్ అయితే పింక్ ఫ్లాయిడ్ అంటే అసహ్యమని చొక్కా మీదే రాసుకుని తిరిగాడు. అదే లైడన్ 1977 జులైలో లండన్‌లోని క్యాపిటల్ రేడియోకి వెళ్లి తనకిష్టమైన రికార్డులు వినిపించినప్పుడు, అందులో పీటర్ హామిల్ పాటలున్నాయి. హామిల్ ఎవరు? వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ అనే పక్కా ప్రోగ్రెసివ్ బృందానికి గాయకుడు! అంటే కోపం నైపుణ్యం మీద కాదు. చెప్పాల్సిన మాట లేకుండా నైపుణ్యం ఒక్కటే ఊరేగడం మీద.

మరి నైపుణ్యం అంటే ఏమిటి? వేగమేనా? దీనికి కింగ్ క్రిమ్సన్ దగ్గరే మంచి జవాబు దొరుకుతుంది. 1973 నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్ కచేరీలో వయొలిన్, బేస్ గిటార్, మెలట్రాన్ కలిసి అప్పటికప్పుడు ఒక రచన అల్లుకున్నాయి. డ్రమ్మర్ బిల్ బ్రూఫోర్డ్ పుల్లలు గుండెకు అడ్డంగా పెట్టుకుని, తన వంతు వస్తుందేమోనని ఎదురుచూశాడు. తన అవసరం లేదని అర్థమైంది. ఒక్క దెబ్బ కూడా వేయలేదు. మరుసటి ఏడాది ‘ట్రియో’ పేరుతో ఆ రచన ఆల్బమ్‌లో వచ్చినప్పుడు, స్వరకర్తల్లో బ్రూఫోర్డ్ పేరు కూడా వేశారు. వాయించకుండా ఉన్నందుకు! మంచి భోజనంలో ఉప్పు ఎక్కువ వేయనివాడికి కూడా వంటలో భాగం ఉన్నట్టే కదా.

గిల్మోర్ సంగతీ అదే. వేగంలో పోటీ పెడితే ఆయన్ని దాటే కుర్రాళ్లు వీధికొకరు దొరుకుతారు. కానీ 1975లో ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ కోసం ఆయన పట్టుకున్నది నాలుగే నాలుగు స్వరాలు. మతి చెదిరి దూరమైపోయిన పాత మిత్రుడు సిడ్ బారెట్ మీద పాట అది. ఆ నాలుగు స్వరాల చుట్టూ ఉన్న ఖాళీలోనే పాటంతా ఉంది.

చేతులతో పాటు చెవికీ ప్రతిభ ఉంటుంది. పీటర్ గాబ్రియెల్ 1975లో జెనిసిస్‌ని వదిలేశాడు. వాద్యం మీద మెరుపులు మెరిపించేవాడని ఆయన్ని ఎవరూ అనరు. కానీ ఎక్కడ మంచి సంగీతం ఉందో ఆ చెవికి తెలుసు. 1989లో ఆయన మొదలుపెట్టిన రియల్ వరల్డ్ సంస్థే 1990లలో మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ రికార్డులను ప్రపంచానికి అందించింది. 1995లో గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి శ్రీనివాస్ చేసిన ‘డ్రీమ్’ కూడా అక్కడి నుంచే వచ్చింది. ప్రోగ్రెసివ్ రాక్ నుంచి గోదావరి తీరానికి ఇలా ఒక దారి ఉందని మన ఇళ్లలో ఎందరికి తెలుసు?

ఇంతకీ ఆ మార్కుల పుస్తకం ఊరికే కాలక్షేపం అనుకుంటే పొరపాటే. అవతల ఉన్నది మనిషి చెయ్యి. చేతికి వయసొస్తుంది.

కెనడా బృందం ‘రష్’ డ్రమ్మర్ నీల్ పియర్ట్‌ని అభిమానులు ఆచార్యుడని పిలిచేవారు. అలాంటి ఆచార్యుడు 1990లలో, నలభై దాటాక, ఫ్రెడీ గ్రూబర్ అనే పెద్దాయన దగ్గర శిష్యుడిగా చేరాడు. పుల్ల పట్టుకునే తీరు దగ్గర్నుంచి మళ్లీ నేర్చుకున్నాడు. తర్వాత ఏడాది తిరక్కుండా కూతుర్ని, భార్యను పోగొట్టుకుని కొన్నేళ్లు డ్రమ్స్‌కి దూరమయ్యాడు. 2002లో తిరిగొచ్చాడు. 2015 ఆగస్టు 1న లాస్ ఏంజిలిస్‌లో చివరి కచేరీ చేశాడు. భుజాల నొప్పితో, తన స్థాయికి తగ్గి వాయించడం ఇష్టంలేక ఆపేశాడు. 2020 జనవరి 7న మెదడు క్యాన్సర్‌తో కన్నుమూశాడు. మిగిలిన ఇద్దరూ జర్మనీ డ్రమ్మర్ అనికా నిల్లెస్‌తో మళ్లీ వేదికెక్కుతామని 2025 అక్టోబరులో ప్రకటించగానే మార్కుల పుస్తకం తెరవడానికి చేతులు దురద పెట్టినవారు ఎందరో! ఆ అమ్మాయి పియర్ట్ అవుతుందా అన్నది ప్రశ్నే కాదు. ఆయన పాటల్ని తనలా వాయించగలదా అన్నది ప్రశ్న.

జెనిసిస్ ఫిల్ కాలిన్స్‌ది మరో దారి. గాయకుడిగా పేరు రాకముందే డ్రమ్మర్లు మెచ్చిన డ్రమ్మర్ ఆయన. వెన్ను, నరాల దెబ్బతో పుల్ల పట్టే బలం పోయింది. 2021, 22ల్లో జెనిసిస్ చివరి యాత్రలో కుర్చీలో కూర్చుని పాడాడు. వెనక డ్రమ్స్ మీద ఇరవై ఏళ్ల కొడుకు నిక్. 2022 మార్చి 26న లండన్‌లో ఆఖరి కచేరీ. తండ్రి చేసిన పనిని కొడుకు చేస్తుంటే, ఆ తండ్రి ముందు కూర్చుని పాడటం... దానికి పదికి ఎన్ని వేయాలి?

కీత్ ఎమర్సన్ కథ ఇలా ముగియలేదు. ఆర్గాన్ కీల మధ్య కత్తులు గుచ్చి స్వరం ఆగకుండా మోగించిన మనిషి. లేక్, పామర్‌లతో కలిసి ముసోర్గ్‌స్కీ రచనను రాక్ శ్రోతల ముందుకు తెచ్చిన మనిషి. 1993లో కుడిచేతి నరానికి ఆపరేషన్ జరిగింది. ఆ చెయ్యి మళ్లీ మునుపటిలా కాలేదు. 2016లో జపాన్ కచేరీలు దగ్గరపడుతున్నాయి. మునుపటిలా వాయించలేనేమో, వచ్చినవాళ్లను నిరాశపరుస్తానేమోనన్న బెంగ ఆయన్ని తినేసిందని సహచరి తర్వాత చెప్పారు. తన వాయిద్యాన్ని ఎగతాళి చేస్తూ కొందరు ఇంటర్నెట్‌లో రాసిన మాటలు కూడా చదివేవాడట. 2016 మార్చిలో, 71 ఏళ్ల వయసులో, తన ప్రాణం తానే తీసుకున్నాడు. మనసులో కుంగుబాటు ఉంది, ఒంట్లో జబ్బులున్నాయి. ఇలాంటి చావుకి కారణం ఒక్కటే అని ఎవరూ అనకూడదు. కానీ ఆ మాటలు రాసినవాళ్లు శత్రువులు కారు. ఆయన రికార్డులు కొనుక్కున్నవాళ్లు, ఒక్కో స్వరం కంఠతా వచ్చినవాళ్లు.

అందుకని తప్పొప్పులు చెప్పకూడదా? చెప్పాలి. తాళం తెలిసిన శ్రోత లేకపోతే విద్వాంసుడికి విలువే లేదు. 1973 నాటి ఎనభై నిమిషాల ఆల్బమ్ సాగిందంటే సాగిందనే అనాలి. అది రచనకు వేసే మార్కు. నరం చచ్చిన చేతికి, డెబ్బై ఏళ్ల భుజానికి వేసేది మార్కు కాదు. ముప్పై ఏళ్లప్పటి రికార్డు పక్కన పెట్టి ఈనాటి చేతిని కొలవడం సంగీత జ్ఞానం కిందికి రాదు. తాతగారు మెట్లెక్కుతుంటే గడియారం చూసే పని అది.

ఇంట్లో వీణో, గిటారో, కీబోర్డో నేర్చుకుంటున్న పిల్లలుంటే ఈ మాట వాళ్లకీ వర్తిస్తుంది. ‘ఎంత స్పీడుగా వాయిస్తున్నాడో చూడండి’ అని చుట్టాల ముందు మురిసిపోయే అమ్మానాన్నలకు ఇంకాస్త ఎక్కువ వర్తిస్తుంది. ఈసారి వేగం మెచ్చుకునే ముందు, బుజ్జిగాడు ఎక్కడ ఆగాడో కూడా వినండి.