ఆకురాయి పట్టేముందు

పోయిన వేసవిలో హన్మకొండ చౌరస్తా దగ్గర మా బడి పాత విద్యార్థి ఒకడు నన్ను ఆపాడు. పదవ తరగతి మధ్యలో చదువు మానేసి మెకానిక్ షెడ్డులో చేరిన కుర్రవాడు. నూనె మరకల చేతులు వెనక్కి దాచుకుంటూ అడిగాడు: "సార్, హెడ్డుల బొక్క పెద్దగ జేస్తె పికప్పు పెరుగుతదంట. నిజమేనా?"

పిల్లలూ, అవుననో కాదనో రోడ్డు మీద నిలబడి చెప్పేసే ప్రశ్న కాదిది. "రేపు బడికి రారా, చెప్తాను" అన్నాను. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను. దానితోపాటు మా పెద్దవాళ్ళ మీద నాకున్న ఒక ఫిర్యాదు కూడా.

మన దేశంలో గాలితో చల్లబడే ఇంజన్లు కార్లలో చాలా అరుదు. మోటారు సైకిళ్ళలో, ఆటోలలో మాత్రం అవి ఎన్నో ఏళ్ళుగా ఉన్నాయి. పాత బుల్లెట్ 350 ని తీసుకుందాం. సిలిండరు పైన మూతలాగా, రెక్కలు రెక్కలుగా కనిపించే అల్యూమినియం భాగమే హెడ్డు. అందులో రెండు దారులు ఉంటాయి. ఒక దారిలో కార్బురేటరు నుండి గాలీ పెట్రోలూ లోపలికి పోతాయి, రెండవ దారిలో కాలిన పొగ సైలెన్సరుకు పోతుంది. ఒక్కొక్క దారి చివర ఒక్కొక్క వాల్వు. ఈ దారులను ఆకురాయితోనో, కరెంటుతో తిరిగే చిన్న సానరాయితోనో గీకి వెడల్పు చేయటాన్నే షెడ్డులలో పోర్టింగ్ అంటారు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీయండి. ఆ బుల్లెట్ సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. ఘనపరిమాణం కడితే 346 ఘన సెంటీమీటర్లు వస్తుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. ఒక చుట్టుకు సెకనులో యాభయ్యవ వంతు. పిస్టను పైనుండి కిందికి దిగటానికి అందులో సగం, అంటే సెకనులో నూరవ వంతు. అంత కొద్ది సమయంలో 346 ఘన సెంటీమీటర్ల గాలి లోపలికి రావాలి! గాలి దారి వ్యాసం 30 మిల్లీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం సుమారు 7 చదరపు సెంటీమీటర్లు. భాగించి చూడండి, గాలి సగటు వేగం సెకనుకు 49 మీటర్లు వస్తుంది. గంటకు 176 కిలోమీటర్లన్నమాట. మన కాజీపేట మీదుగా పోయే ఏ ఎక్స్‌ప్రెస్ రైలూ అంత వేగంగా పోదు.

ఆ దారిని గీకి 34 మిల్లీమీటర్లు చేశారనుకుందాం. వేగం సెకనుకు 38 మీటర్లకు పడిపోతుంది. గాలి అంతే, తలుపు పెద్దది, కాబట్టి నడక నెమ్మదించింది. అయితే నష్టమేమిటి అంటారా? బస్సు డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేస్తే మీరు ముందుకు తూలతారు గదా. గాలికీ ఆ జడత్వం ఉంది. పిస్టను అడుగుకు చేరి మళ్ళీ పైకి లేవటం మొదలుపెట్టినా, వాల్వు ఇంకా కొంచెం తెరిచి ఉన్నంతసేపు, వేగంగా వస్తున్న గాలి తన ఊపుతో ఇంకా లోపలికి దూరుతుంది. వేగం తగ్గితే ఆ ఊపూ తగ్గుతుంది. పెట్రోలు తుంపరలు కూడా గాలిలో తేలటం మాని గోడలకంటుకుని కారతాయి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు, అంటే బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు, ఈ నష్టం బాగా తెలుస్తుంది. ఎప్పుడూ అత్యంత వేగంగా తిరిగే పందెపు ఇంజనుకైతే వెడల్పు దారి మేలు చేయవచ్చు. పాలు మోసే బండికి చేయదు.

పాలబండి ఊరికే గుర్తుకు రాలేదు. 1993లో నేను బి.ఇడి. చదువుతున్న రోజుల్లో మా చిన్నాయన ఊరినుండి హన్మకొండకు రోజూ బుల్లెట్ మీద పాల క్యాన్లు తెచ్చేవాడు. బండికి బలం పెంచుతానని రెండు రాత్రులు కూర్చుని, గుండ్రటి ఆకురాయితో ఆ హెడ్డు దారిని గీకాను. వేలు పెట్టి చూస్తే నున్నగా, విశాలంగా ఉంది! ఖాళీ బండి ఖాళీ రోడ్డు మీద కొంచెం హుషారుగానే పోయింది. మర్నాడు నాలుగు క్యాన్లు కట్టి బయలుదేరితే చెరువు కట్ట ఎక్కలేక రెండుసార్లు ఆగిపోయింది. పెట్రోలు ఖర్చూ పెరిగింది. గీకిన లోహాన్ని తిరిగి అంటించే ఉపాయం నా దగ్గర లేదు. ఇంకో పాత హెడ్డు వెతికి కొనేసరికి చిన్నాయనకు రెండు నెలల పాల డబ్బు పోయింది. ఆయన కోప్పడలేదు. "నేను రోజూ లీటరుతోటి కొలిచే పాలు పోస్త. నువ్వు సదువుకున్నోనివి, కొలిచే గీకినవారా?" అని మాత్రం అడిగాడు.

కొలవలేదు. కొలవాలన్న ఆలోచన కూడా రాలేదు. సైన్సు పట్టా అప్పటికే చేతిలో ఉంది!

ఈ కొలిచే పని కొత్తదేమీ కాదు. హారీ వెస్లేక్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1920లలోనే హెడ్డుల గుండా గాలి ఎంత పోతున్నదో కొలిచి, ఆ తరవాతే ఆకారం మార్చేవాడు. అలా కొలిచేవారికి తెలిసిన సంగతి ఒకటుంది. మన కంటికి కనబడే దారి మొదలు చాలావరకు బాగానే ఉంటుంది. ఇరుకంతా లోపల, దారి మలుపు తిరిగి వాల్వు పీటను చేరేచోట ఉంటుంది. వాల్వు వ్యాసం 40 మిల్లీమీటర్లు అనుకోండి. అది 2 మిల్లీమీటర్లు లేచినప్పుడు దాని చుట్టూ గాలికి దొరికే సందు రెండున్నర చదరపు సెంటీమీటర్లు మాత్రమే. బయట తలుపును ఎంత వెడల్పు చేసినా లోపలి సందు పెరగదు గదా. నేను గీకింది తలుపునే.

ఫలితమెంతో కూడా చూడండి. జర్మనీలో పుట్టిన ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు ఇంజను కూడా గాలితో చల్లబడేదే. 2003లో మెక్సికోలో చివరి బండి తయారయ్యేనాటికి అవి రెండుకోట్ల పదిలక్షలకు పైగా వచ్చాయి. మొదట రెండేసి సిలిండర్లకు కలిపి హెడ్డులో ఒకే గాలి దారి ఉండేది. 1971 మోడలులో కంపెనీ ఒక్కొక్క సిలిండరుకు వేరు దారి ఇచ్చింది. అమెరికాలో అమ్మిన 1600 ఇంజను బలం 57 నుండి 60 అశ్వసామర్థ్యాలకు పెరిగింది. కొలిచే యంత్రాలున్న కంపెనీ హెడ్డునే మార్చేస్తే వచ్చినవి మూడు గుర్రాలు! రెండు రాత్రుల ఆకురాయికి ఎన్ని వస్తాయో మీరే ఊహించండి.

గాలితో చల్లబడే హెడ్డుకు ఇంకో బాధ ఉంది. దాని చుట్టూ నీళ్ళు లేవు. వేడి అంతా లోహం గుండా నడిచి రెక్కలు చేరి గాలిలో కలవాలి. అల్యూమినియం ఇనుముకంటె సుమారు మూడు రెట్లు బాగా వేడిని మోస్తుంది కాబట్టే దానితో చేస్తారు. గోడను గీకి పలచన చేస్తే వేడి నడిచే బాటను కోసినట్టే. బీటిల్ హెడ్డులు స్పార్క్ ప్లగ్గుకూ వాల్వు పీటకూ నడుమ పగుళ్ళు వేయటం ఆ కారు మెకానిక్కులందరికీ తెలుసు.

ఇక నా ఫిర్యాదు. ఆ కుర్రవాడి లాంటి చేతులున్న పిల్లలకు మా బడులలో పని లేదు. అంతర్దహన యంత్రం బొమ్మను గీయించి, భాగాలు గుర్తించమని, మార్కులు వేసి పంపేస్తాం. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ లాబ్‌లు కొన్ని బడులకు వచ్చాయి, సంతోషమే. వాటిలో రోబోల సామాను, త్రీ-డీ ప్రింటరు ఉంటాయి. వాటి పక్కనే పాత సామాన్ల దుకాణంలో తూకానికి దొరికే ఒక పాడైన హెడ్డు ఎందుకు ఉండకూడదు?

చేయవలసింది పెద్దదేమీ కాదు. మేస్త్రీలు మట్టం చూసే ప్లాస్టిక్ గొట్టాన్ని 'యు' ఆకారంలో మీటరు ఎత్తు చెక్కకు బిగించి రంగునీళ్ళు పోయండి. హెడ్డు కింద సిలిండరంత వెడల్పున్న పైపు ముక్కను బంకమట్టితో అతికి, దాని రెండవ కొసకు ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనరు తగిలించండి. మట్టి మోటారులోకి పోకుండా గుడ్డ కట్టాలి. పైపుకు పక్కన ఒక రంధ్రం ఉంచి, దాన్ని కొద్దిగా మూస్తూ నీళ్ళు ఎగిరిపోకుండా సరిచేసుకోండి. ఆ తరవాత దాన్ని కదపవద్దు. 'యు' గొట్టం ఒక కొసను పైపుకు కలపండి. వాల్వును బోల్టుతో 8 మిల్లీమీటర్లు తెరిచి ఉంచండి. గాలికి దారి సులువైతే నీటిమట్టాల తేడా తగ్గుతుంది, అడ్డం ఎక్కువైతే పెరుగుతుంది. ఇప్పుడు దారి మొదట్లో బంకమట్టితో బూరలాంటి గుండ్రటి అంచు కట్టి చూడండి. ఏమీ గీకకుండానే తేడా తగ్గుతుంది! దారి అడుగున కొంచెం మట్టి మెత్తి చూడండి. మట్టి నచ్చకపోతే తీసేయవచ్చు, అదే దాని గొప్ప.

నా తోటి ఉపాధ్యాయులలో కొందరు ఇది పిల్లలకు బండ్ల పిచ్చి ఎక్కించటమే అంటారు. వారి భయం అర్థమవుతుంది. రోడ్డు మీద నడిచే బండి హెడ్డును ముట్టుకోవటానికి నేనూ ఒప్పుకోను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చటాన్ని అనుమతించదు కూడా. కానీ బండ్ల పిచ్చి మేము ఎక్కించేదాకా ఆగదు గదా. అది షెడ్డులో, ఫోను వీడియోలలో ఎలాగూ ఎక్కుతూనే ఉంది, కొలత లేకుండా.

ఆ కుర్రవాడు మర్నాడు నిజంగానే బడికి వచ్చాడు. 1993 నాటి చిన్నాయన హెడ్డు ఇంకా నా దగ్గరే ఉంది. రెండు గంటలు నీటిమట్టాలు రాసుకున్నాం. నేను గీకిన చోట మట్టి మెత్తి పాత కొలతకు తెచ్చాడు. "సార్, నీళ్ళు పెద్దగ జరగలె" అని మళ్ళీ మళ్ళీ చూశాడు. వెళ్ళేముందు ఆ హెడ్డును షెడ్డుకు తీసుకుపోతానని అడిగాడు. ఇచ్చాను. ప్లాస్టిక్ గొట్టం మాత్రం సొంతంగా కొనుక్కున్నాడు.