గట్టుమీది వేపను నరుకకుడు



అశ్వారావుపేట ప్రాంతమున చేలగట్లమీదను, జీడితోటల కంచెలయందును ఇంచుమించు ఏడాది పొడుగున పచ్చగా నుండు చెట్టు వేప. అట్టి వేప వానలు వెనుకబట్టు దినములలో కొనకొమ్మలు మొదలుకొని గోధుమవన్నె దాల్చి, నిప్పుసెగ తగిలినట్లు మాడుచుండుట మనలో పెక్కురు చూచియున్నారు. 2021వ సంవత్సరమున తెలంగాణ జిల్లాలలో ఈ తెగులు విస్తారముగ కనబడెను; తరువాతి యేండ్లలోను మరల తలయెత్తినది. దానిని చూచి కొందరు దిష్టి యనిరి. కొందరు చెట్టు చచ్చెననిరి.

మా తప్పును ముందు ఒప్పుకొందుము. ఆ సంవత్సరము ఒక రైతు తన గట్టుమీది మూడు వేపలను చూపి, ఏమి చేయవలెనని మమ్ము నడిగెను. మాడిన కొమ్మలను చూచి, ఇవి దక్కవని తలంచి, కొట్టివేయుమని చెప్పితిమి. అతడట్లే చేసెను. ప్రక్కగట్టు రైతు కూలిఖర్చునకు వెనుదీసి తన చెట్లను విడిచిపెట్టెను. ఉగాది నాటికి అవి ఎఱ్ఱని చిగురు తొడిగినవి. మా మాట విన్నవాడు నీడను కోల్పోయెను. మమ్మడుగనివాని చెట్లక్రింద నేటికిని పశువులు నిలుచుచున్నవి. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

ఈ తెగులునకు మూలము ఫోమాప్సిస్ అజాడిరాక్టే అను శిలీంధ్రము. ఇది లేత కొమ్మలను పట్టి కొననుండి క్రిందికి ఎండించును. పూతను, కాయను చెఱచును. వానచినుకులవలన కొమ్మనుండి కొమ్మకు ప్రాకును. దీనికి తోడు టీ దోమ కలదు. ఇది చిగురులలో రసము పీల్చి గాయము చేయగా, ఆ గాయమే శిలీంధ్రమునకు వాకిలి యగును. ఈ దోమయే జీడిమామిడి చిగురును, పూతను, కోకోకాయను కూడ పాడుచేయును. కావున తోటలో మందుకొట్టి కంచెలోని వేపను మఱచినవాడు, ఇంటి ముందు తలుపు మూసి పెరటితలుపు తెఱచినవానితో సమానుడు.

మాఘ ఫాల్గుణములందు వేప ఆకు రాల్చుట సహజము. అది తెగులు కాదు. తెగులు సోకిన ఆకు మాడి కొమ్మకే వ్రేలాడును. సందేహమున్నచో కొమ్మబెరడును గోటితో గీచి చూడుడు. లోపల పచ్చగా నున్నంతవఱకు ఆ కొమ్మకు ప్రాణమున్నది.

చికిత్స కష్టమైనది కాదు. వానలు వెలిసిన పొడిదినములలో, ఎండిన భాగమునకు జానెడు దిగువగా, పచ్చికొయ్య వచ్చుచోట కొమ్మను కోయవలెను. కోసినవానిని చెట్టుక్రింద విడువక దూరముగ కాల్చివేయవలెను. కోతగాయములకు బోర్డోముద్ద పూయవలెను: మైలుతుత్తము 1 కిలో, సున్నము 1 కిలో, వేఱువేఱుగ నీట కలిపి, మొత్తము 10 లీటర్ల నీటికి సరిపెట్టవలెను. ఇనుపపాత్ర పనికిరాదు, మట్టిపాత్రగాని ప్లాస్టిక్ తొట్టిగాని వాడవలెను. లేతమొక్కలకును, అందుబాటులోనున్న చెట్లకును కార్బెండజిమ్ వంటి మందును, దోమ యున్నచో పురుగుమందును, వ్యవసాయాధికారి చెప్పిన మోతాదున కొట్టవచ్చును. మందుకొట్టిన చెట్టునుండి పలుదోముపుల్ల విఱువరాదు. మ్రానుకు బెజ్జము వేసి మందు పోయుట కూడదు.

మందుకన్న ముఖ్యమైనది మన నడవడి. గట్టు అంచువఱకు నాగలి తోలి వేళ్లు తెంపుట, గట్టుపై కలుపుమందు చల్లుట, చెట్టు మొదట గడ్డికి నిప్పుపెట్టుట - ఇవి చెట్టు బలమును తీయును. బలముగల చెట్టు తెగులును తట్టుకొని లేచును. వేసవిలో పాదు చేసి నీరును, చివికిన పెంటయెరువును ఇచ్చినచో చిగురు నిండుగ వచ్చును.

“పంట పండని చెట్టునకు ఇంత ఖర్చేల?” యని కొందరడుగుదురు. వేపగింజల పొడి 5 కిలోలు నీట నానబెట్టి వడగట్టి 100 లీటర్లు చేసినచో పురుగులకు మంచి మందగుట మీరెఱిగినదే. ఎండలో పశువునకు నీడ, గాలికి అడ్డు, వేసవిలో గింజలేఱు పేదస్త్రీలకు నాలుగు రూకలు - ఇవన్నియు ఆ చెట్టు పంటయే. ఇన్నాళ్లు మన పైరులకు వైద్యము చేసిన చెట్టు జబ్బుపడినప్పుడు గొడ్డలి యెత్తుట న్యాయమా?

ఒక్కరు చేసిన ఫలము స్వల్పము. ప్రక్కగట్టునుండి తెగులు మరల వచ్చును. కావున మన సంఘము ప్రతి గ్రామమున ఒక వారమును కొమ్మకోతకు నిర్ణయించి, పొడవాటి కోతకత్తులను, మందుకొట్టు యంత్రమును ఉమ్మడిగ కొని, సభ్యులకు వంతులవారీగ ఈయవలెనని మా అభిప్రాయము. అంతవఱకు ఒక్క మాట మనవి: మాడిన వేపను ఉగాది దాటి చిగురుకాలము గడచువఱకు కొట్టకుడు. అప్పటికిని బెరడు గీచినచోట పచ్చదనము లేకున్నచో గొడ్డలి ఎక్కడికిని పోదు.