పందుల మీదికి తుపాకీ సరే, జైలుకు పోయేదెవరు?

అమెరికాల ఒకడు తేలికపాటి వేట రైఫిల్ సొంతంగ జేయించుకుంటడు. సన్నటి గొట్టం, కార్బన్ ఫైబర్ బట్, 2007ల వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తూటా. ఎంత దూరం పోయినా తూటా కిందికి ఎక్కువ జారదు, సాపుగ పోతదని వీడియో పెడ్తడు. జనగామల, మానుకోటల మన తమ్ముళ్లు ఫోన్ల అది జూసి, "గిసొంటిది మన దగ్గరుంటె పందుల పని అయిపోవు" అంటరు. ఆ మాట ఎందుకొస్తదో నాకెరుకే. తెల్లారేసరికి మక్కచేను సగం తొక్కిపోతే అప్పు తెచ్చినోనికి నిద్ర వడ్తదా?

కని చట్టం సంగతి ఇనుర్రి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేని తుపాకీ ఉంచుకునుడు నేరం, తయారు జేసుడు ఇంకా పెద్ద నేరం. 2019ల సవరణ జేసి తయారీకి తక్కువల తక్కువ 7 ఏండ్లు, ఎక్కువైతే యావజ్జీవం పెట్టిన్రు. అనుమతి లేకుండ అడవి జంతువును కొడితే 1972 వన్యప్రాణుల చట్టం కింద కేసు ఏరె. పంది మీద కోపానికి పోరని బతుకే ఆగమైతది.

ఇంకోటి. సాపుగ పోయే తూటా గురి తప్పితే కిలోమీటర్లు పోతది. అవుతల ఇప్పపువ్వు ఏరేటోళ్లు, మేకలు కాసేటోళ్లు, మోటరు పెట్టనీకి పోయేటోళ్లు ఉంటరు.

తుపాకీ లేనికాడ కరెంటు తీగలు గడ్తున్నరు. 2024 ఫిబ్రవరిల భూపాలపల్లి జిల్లా కాటారం మండలం నస్తూర్‌పల్లి అడవిల గసొంటి తీగ తగిలి గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ పానం పోయింది. తీగకు పందేదో మనిషేదో తెల్వది.

మరి రైతు చేతులు ముడుసుకొని కూసోవాల్నా? కాదు. ఆయుధాల చట్టం 13వ సెక్షన్లనే పంట కాపాడుకోనీకి భర్మార్‌కు, అంటే మూతికాడ మందు నింపే తుపాకీకి, లైసెన్స్ ఇయ్యొచ్చని ఉంది. వన్యప్రాణుల చట్టం 11వ సెక్షన్ కింద పంట పాడుజేసే పందిని కొట్టనీకి అటవీ అధికారి రాతపూర్వకంగ అనుమతి ఇయ్యొచ్చు. కాయితం మీద ఉన్న ఈ హక్కు ఎంతమంది రైతులకు ఎరుక? జెప్పాల్సినోళ్లు జెప్తున్నరా?

అందుకే పంట పోయిన దినమే ఫొటోలు తీయుర్రి. ఫారెస్టోళ్లకు అర్జీ పెట్టి రసీదు అడుగుర్రి. గ్రామసభల తీర్మానం జేయుర్రి. పంట నష్టపరిహారం, సర్కారు ఒప్పుకున్న షూటర్లు, సోలార్ కంచె గావాలె అని ఊరంత ఒక్క గొంతుతోని అడగాలె.

1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమురయ్య తూటాకు ఒరిగిండు. ఆనాడు గా ఊర్లల్లకు ముందు వచ్చింది సంఘం, తుపాకీ తర్వాత వచ్చింది. ఇయ్యాల గూడ ముందు కూడవలసింది మనుషులే.